వంజరమా, కవళ్లా, జిందా కొరమీనా: ఇంట్లో ఎవరికి ఏ చేప?

ఆదివారం పొద్దున ముషీరాబాద్ చేపల మార్కెట్‌లో అందరం ఒకేలా కొంటాం. మొప్ప ఎత్తి ఎరుపు చూస్తాం, కన్ను మెరుస్తోందో లేదో చూస్తాం, వేలితో నొక్కుతాం. ఈ పరీక్షలన్నీ చేప ఎప్పుడు చచ్చిందో చెబుతాయి. బతికున్నన్నాళ్లూ ఏ నీళ్లలో ఈదింది, ఏం తింది అన్నది వీటిలో ఒక్కటీ చెప్పదు. ఒంటినిండా పాదరసం ఉన్న చేప మొప్ప కూడా ఎర్రగానే ఉంటుంది.

మాది కాకినాడ వైపు. చెల్లి పురిటికి వచ్చినప్పుడు అమ్మ ఊరి నుంచి ఐస్ పెట్టెలో పాల సొర అనే చిన్న సొరచేప తెప్పించింది. సొర పిట్టు తింటే పాలు పడతాయని మా వైపు గట్టి నమ్మకం. చెల్లి అప్పటికే ఫోన్‌లో ఏదో చదివి ఉంది. "సొరలో పాదరసం ఉంటుందట, నాకొద్దమ్మా" అంది. అమ్మ మొహం చిన్నబోయింది. ఆ పూట ఇద్దరికీ సర్ది చెప్పడానికి చదవడం మొదలుపెట్టినవాణ్ణి, ఇప్పుడు బజారుకెళితే ధర కన్నా ముందు వేరే ప్రశ్నలు అడుగుతున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ఇక్కడ రాస్తున్నది ఫార్మాలిన్ గురించి కాదు. 2018లో మన చేపల మీద అస్సాం దాకా గొడవైంది దాని గురించే. ఫార్మాలిన్ చేప చచ్చాక కుళ్లకుండా కలిపేది, దాన్ని పట్టడానికి కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ తయారుచేసిన చిన్న కాగితపు పట్టీలు ఉన్నాయి. ఫ్యాక్టరీల నుంచి వచ్చే పాదరసం, సీసం, కాడ్మియం, పీసీబీలనే రసాయనాల్లాంటివి చేప బతికుండగానే ఒంట్లో చేరతాయి. వాటికి ల్యాబ్ తప్ప దారి లేదు. అందుకే ఎంపిక దగ్గరే జాగ్రత్త పడాలి.

## ధర కన్నా ముందు చూడాల్సినవి

అది ఎవర్ని తిని పెరిగింది? నాలుగు ప్రశ్నల్లో ఇదే పెద్దది. బొగ్గు మండినప్పుడు, కొన్ని రకాల ఫ్యాక్టరీలు నడిచినప్పుడు పాదరసం గాల్లోకో నీళ్లలోకో పోతుంది. నీటి అడుగు బురదలో ఉండే బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీ అనే రూపంలోకి మారుస్తుంది. అది నాచులోకి, నాచు తిన్న పురుగులోకి, పురుగు తిన్న చిన్న చేపలోకి, దాన్ని తిన్న పెద్ద చేపలోకి చేరుతూ పోతుంది. ఒంట్లోకి వచ్చినంత త్వరగా బయటికి పోదు. నీళ్లలో యంత్రానికి కూడా అందీ అందనట్టుండేది, వేటాడి బతికే పెద్ద చేప దగ్గరికొచ్చేసరికి లక్షల రెట్లు చిక్కబడుతుంది. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే, అంత పోగు.

ఏ నీళ్లు? ఒకే జాతి చేప కూడా చోటుని బట్టి మారిపోతుంది. వంజరానికి దగ్గరి చుట్టం స్పానిష్ మాకెరెల్ అని ఒకటుంది. అమెరికా ఆహార, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ లెక్కల్లో గల్ఫ్ ఆఫ్ మెక్సికోలో పట్టినదాంట్లో కిలోకి సగటున 0.454 మిల్లీగ్రాముల పాదరసం ఉంటే, దక్షిణ అట్లాంటిక్‌లో పట్టిన అదే చేపలో 0.182.

ఏ భాగం? పాదరసం కండకి పట్టుకుంటుంది. పీసీబీలు, డయాక్సిన్లనే విషాలు కొవ్వులో దాక్కుంటాయి. కాడ్మియం కాలేయంలో, మూత్రపిండాల్లో చేరుతుంది. సీసానికి ఎముకంటే ఇష్టం. వంటింట్లో మనం చేయగలిగింది, చేయలేనిది అంతా దీన్ని బట్టే ఉంటుంది.

ఎవరు తింటున్నారు, ఎంత తరచుగా? జపాన్‌లోని మినమాటాలో ఒక రసాయన ఫ్యాక్టరీ పాదరసాన్ని సముద్రపు ఖాతంలోకి వదిలింది. ముందు పిల్లులు గింగిరాలు తిరిగి పడిపోయాయి, తర్వాత మనుషులు. జబ్బుని 1956లో అధికారికంగా గుర్తించారు, వదలడం ఆగింది మాత్రం 1968లో. అక్కడ పైకి ఆరోగ్యంగానే కనిపించిన తల్లులకి కూడా నరాలు దెబ్బతిన్న బిడ్డలు పుట్టారు. మాయ దాటి బిడ్డ మెదడుకి చేరే విషం ఇది. అందుకే ఒకే కుండలో పులుసైనా, గర్భిణికి, మూడేళ్ల పాపకి, యాభై ఏళ్ల నాన్నకి లెక్క ఒకటి కాదు.

## లెక్క వేస్తే

ప్రపంచ ఆరోగ్య సంస్థ, ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) కలిసి నడిపే నిపుణుల సంఘం 2003లో ఒక హద్దు పెట్టింది. ఒంటి బరువులో కిలోకి వారానికి 1.6 మైక్రోగ్రాముల మిథైల్ మెర్క్యురీ. అంటే 60 కిలోల ఆడమనిషికి 96, 15 కిలోల పిల్లకి 24 మైక్రోగ్రాములు. కడుపులో బిడ్డని దృష్టిలో పెట్టుకుని పెట్టిన హద్దు ఇది. మిగతా పెద్దవాళ్లకి దీనికి రెండింతల దాకా నరాలకి ముప్పు ఉండదని అదే సంఘం 2006లో చెప్పింది. పిల్లల విషయంలో, పిల్లల్ని కనే వయసు ఆడవాళ్ల విషయంలో మాత్రం ఆ సడలింపు ఇవ్వలేదు.

కింద ఉన్నవి ఎఫ్‌డీఏ సగటులు. అమెరికా బజారులోని చేపలవి కాబట్టి మన తీరానికి అంకెలు అచ్చంగా ఇవే కావు, కానీ పెద్దదీ చిన్నదీ అనే వరుస ఇక్కడా ఇంతే. చేపలోని పాదరసంలో ఎక్కువ భాగం మిథైల్ మెర్క్యురీయే కాబట్టి మొత్తం అదే అనుకుని కుడివైపు రెండు గడులు నేను కట్టాను.

| చేప | కిలోలో పాదరసం (మి.గ్రా.) | 60 కిలోల మనిషికి వారం హద్దు | 15 కిలోల పిల్లకి |
|---|---|---|---|
| సొర | 0.98 | 98 గ్రాములు | 24 గ్రాములు |
| కింగ్ మాకెరెల్, వంజరం దాయాది | 0.73 | 130 గ్రాములు | 33 గ్రాములు |
| మార్లిన్, మన కొమ్ముకోనం లాంటిది | 0.49 | దాదాపు 200 గ్రాములు | 50 గ్రాములు |
| ఎల్లోఫిన్ ట్యూనా | 0.35 | 270 గ్రాములు | 68 గ్రాములు |
| డబ్బాలో వచ్చే లైట్ ట్యూనా | 0.126 | 760 గ్రాములు | 190 గ్రాములు |
| సార్డిన్, అంటే కవళ్ల జాతి | 0.013 | 7 కిలోల పైన | కిలోన్నర పైన |
| రొయ్యలు | 0.009 | 10 కిలోల పైన | రెండున్నర కిలోలు |

పై వరుసకీ కింది వరుసకీ మధ్య తేడా వంద రెట్లు. వారంలో ఏడు కిలోల కవళ్లు ఎవరూ తినరు. నూట ముప్ఫై గ్రాముల కింగ్ మాకెరెల్ అంటే మాత్రం ఒక మోస్తరు ముక్క, దానికి తోడు ఇంకో చిన్న ముక్క.

## వంజరం, సొర, కొమ్ముకోనం: పెద్ద చేపలు

వంజరాన్ని వైజాగ్ వైపు కోనెం అంటారు. ముల్లు తక్కువ, రుచి ఎక్కువ, చుట్టాలొస్తే పరువు నిలబెడుతుంది. అందుకే పిల్లలకి తినిపించే మొదటి చేప చాలా ఇళ్లలో ఇదే. నాకు ఇబ్బంది అనిపించేది అక్కడే. ముల్లు గుచ్చుకుంటుందన్న భయంతో, ఇంట్లో అందరికన్నా తక్కువ బరువున్న మనిషికి, అందరికన్నా ఎక్కువ పోగు ఉండే చేప పెడుతున్నాం.

అమెరికాలో గర్భిణులు అసలు ముట్టకూడదని ఎఫ్‌డీఏ చెప్పే చేపల్లో కింగ్ మాకెరెల్, సొర, మార్లిన్, స్వోర్డ్‌ఫిష్ ఉన్నాయి. మన వంజరం అచ్చంగా ఆ కింగ్ మాకెరెల్ కాదు, అదే కుటుంబంలో వేరే జాతి. కానీ అదీ చిన్న చేపల్ని వేటాడే బతుకుతుంది, అదీ పెద్దగా పెరుగుతుంది. కాబట్టి వంజరం మానమని అనను, చిన్నది కొనమంటాను. ఒకటి, ఒకటిన్నర కిలోల చేపని మొత్తంగా కొని మీ ముందే కోయించుకోండి. ఎనిమిది, పది కిలోల చేపలోంచి చక్రాల్లా కోసిన ముక్కలు చూడటానికి ఎంత బాగున్నా, ఆ చేప అన్ని ఏళ్లూ వేటాడిందని గుర్తు. చిన్న వంజరం ముక్కలు అంత అందంగా రావు, ధర మాత్రం కొంచెం తగ్గుతుంది.

"ప్రభుత్వం పెట్టిన హద్దు లోపలే ఉందట" అన్న మాటకి ఇక్కడ ఒక మెలిక ఉంది. అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు పెట్టే కోడెక్స్ సంస్థ 2018లో కిలోకి ట్యూనాకి 1.2, సొరకి 1.6, మార్లిన్‌కి 1.7 మిల్లీగ్రాముల మిథైల్ మెర్క్యురీ దాకా ఒప్పుకుంది. ఆ చేపల్లో సహజంగానే ఎక్కువ ఉంటుంది కాబట్టి హద్దుని వాటి స్థాయికి పెంచారు. అది అమ్మకానికి హద్దు, మన పళ్లానికి కాదు.

పాల సొర సంగతి. అది సొరల్లో చిన్నది, మామూలుగా మీటరు అటూఇటూగానే ఉంటుంది, కాబట్టి పెద్ద సొరలంత భయం లేదు. పాదరసం కడుపులో బిడ్డకి చేరినంతగా చనుబాల ద్వారా చేరదు కూడా. అమ్మ చెప్పినదాంట్లో సగం న్యాయం ఉంది. ఒక పూట పిట్టు తిన్నంత మాత్రాన కొంప మునగదు. రోజు విడిచి రోజు నెలంతా పెట్టడమే మన ఆచారంలో చిక్కు. మా ఇంట్లో చివరికి ఒక రోజు సొర పిట్టు, మిగతా రోజులు అదే తాళింపు, అదే వెల్లుల్లితో కవళ్ల పిట్టు అయింది. ముళ్లు తీసేసరికి అమ్మకి నడుం పడిపోయింది గానీ, రుచికి వంక పెట్టలేదు.

## కవళ్లు, కానాగంతలు, నెత్తళ్లు: చిన్న సముద్రపు చేపలు

నన్నడిగితే గర్భిణికి, పిల్లలకి మొదటి ఓటు వీటికే. నాచు, చిన్న పురుగులు తిని బతుకుతాయి, ఏడాదో రెండేళ్లో ఉండి పోతాయి. పోగయ్యే టైమే ఉండదు. పిల్లల మెదడుకి పనికొచ్చే ఒమేగా కొవ్వులు వీటిలో దండిగా ఉంటాయి. వంజరం కిలో డబ్బులతో ఇవి ఎన్ని కిలోలొస్తాయో చెప్పక్కర్లేదు.

తలనొప్పి ముళ్లతోనే. కవళ్లని ప్రెషర్ కుక్కర్లో చింతపండు పులుసుతో బాగా ఉడకనిస్తే సన్న ముళ్లు మెత్తబడిపోతాయి. కానాగంతకి మధ్య ముల్లు ఒక్కటే పెద్దది, దాన్ని లాగేసి పిల్లలకి పెట్టడం తేలిక.

నెత్తళ్లలో ఒక జాగ్రత్త ఉంది. వీటిని చాలామంది పొట్టతో సహా వండేస్తారు. హార్బర్ల దగ్గర పట్టినవైతే చెత్తంతా ఆ పొట్టలోనే ఉంటుంది. తల గిల్లితే పొట్ట కూడా దాంతో వచ్చేస్తుంది. ఎండు నెత్తళ్లకీ అంతే. ఎండబెడితే నీరు పోతుంది, లోహం పోదు, కాబట్టి గ్రాముకి లెక్క కడితే ఎండుచేపలో ఎక్కువే ఉంటుంది. తినేది గుప్పెడే కనుక నెత్తళ్లతో ఫరవాలేదు, ఎండు సొర ముక్కలతో మాత్రం ఆ మాట అనలేం.

చందువ ఈ గుంపుకీ పెద్ద చేపలకీ మధ్య ఉంటుంది, జేబు ఒప్పుకుంటే పిల్లలకి వంజరం బదులు అది మంచి మాట. ఇక పుస్తెలమ్మైనా తినాలనే పులస గురించి లెక్కలు వేయకండి. ఏడాదికోసారి వచ్చేదానికి లెక్కేంటి?

## శీలావతి, బొచ్చె: చెరువుల్లో పెంచిన చేపలు

కైకలూరు, ఆకివీడు, భీమవరం చెరువుల నుంచి వచ్చేవి ఇవే. తవుడు, నూనె చెక్క తిని ఏడాది అటూఇటూగా పట్టుబడికొస్తాయి. వేటాడవు, ముసలివి కావు. పాదరసం వైపు నుంచి చూస్తే నిశ్చింత.

కాకపోతే పెంపకం చేప అంటే పూర్తిగా ఆ చెరువు నీళ్లే. కృష్ణా, గోదావరి కాలువల చివర ఉండే చెరువుల్లోకి పొలాల మందులు, ఊళ్ల మురుగు చేరతాయి. విజయవాడ మురుగుని మోసుకెళ్లే బుడమేరు కొల్లేట్లో కలుస్తుంది. అందుకే కొల్లేరు లోపల వలకి పడ్డ చేపనీ, కాలువ నీళ్లు పెట్టి మేపిన చెరువు చేపనీ నేను ఒక గాటన కట్టను. శీలావతి, బొచ్చెలతో పాటు వచ్చే ఎర్రమోసు అడుగు బురదలో మేస్తుంది, బొచ్చె పైన, శీలావతి మధ్యలో. నీళ్ల మీద అనుమానం ఉంటే ఎర్రమోసుని పక్కన పెట్టడం తెలివైన పని.

రూప్‌చంద్, పంగాసియస్ అనే పెంపకం చేపలు కూడా దాదాపు ఇంతే. హోటల్లో "ఫిష్ ఫింగర్స్" అని వచ్చేది తరచుగా ఈ రెండో రకమే. రుచి లేదని తిట్టుకోండి గానీ పాదరసమని భయపడకండి.

## "జిందా ఉంది చూడన్నా": ఊరి చెరువు చేప

మృగశిర కార్తె నాడు హైదరాబాద్‌లో కొరమీను ధర అడగడానికే గుండె ధైర్యం కావాలి. మామూలు రోజుల్లో కూడా బతికున్న కొరమీను టబ్బు దగ్గరే గుంపు ఎక్కువ. "పానంతోని ఉంది, నాటు చేప, చెరువుల పట్టింది" అంటుంది అమ్మే అక్క. ఆమె మాట నిజమే కావొచ్చు. నా భయం కూడా అదే.

కొరమీను గాలి పీల్చి బతకగల చేప. నీళ్లలో ఆక్సిజన్ లేకపోయినా పైకొచ్చి గుటకేసి పోతుంది. మార్పు చేప కూడా అంతే. శీలావతి గంటలో తేలిపోయే మురుగులో ఇవి హాయిగా ఉంటాయి. టబ్బులో గిలగిలలాడుతోందంటే అది మొండిదని తెలుస్తుంది, నీళ్లు మంచివని కాదు. పైగా కొరమీను, వాలుగ రెండూ వేటాడే చేపలే.

నగరం చుట్టూ నీళ్ల సంగతి కొత్తగా చెప్పేదేముంది. బాలానగర్, జీడిమెట్ల వైపు నుంచి కూకట్‌పల్లి నాలా తెచ్చిందంతా దశాబ్దాలుగా హుస్సేన్‌సాగర్ అడుగున పేరుకుంది. పటాన్‌చెరు ఫ్యాక్టరీల వ్యర్థాలు నక్కవాగు మీదుగా మంజీర దారి పట్టాయి. 2007లో స్వీడన్ శాస్త్రవేత్తలు అక్కడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీళ్లలో లీటరుకి 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ మందు ఉందని తేల్చారు. ఆ మందు వాడుతున్న రోగి రక్తంలో ఉండేదాని కన్నా అది ఎక్కువ. సంగారెడ్డి జిల్లా గండిగూడెం చెరువులో చేపలు చచ్చి తేలిన ఫొటోలు ఎన్నిసార్లు పేపర్లో చూశామో.

చచ్చి తేలినవి మన పళ్లెంలోకి రావు. చావకుండా మిగిలినవే వస్తాయి.

కాబట్టి కొరమీను కావాలంటే మేత వేసి పెంచిన చెరువుదే అడగండి. "పెంచింది రుచుండదు" అంటారు, నిజమే, కొంత చప్పగానే ఉంటుంది. ఫ్యాక్టరీలు, మురుగు చేరని పల్లె చెరువులో ఏడాదికోసారి వల వేసి పట్టిన చేప దొరికితే వదలకండి, అది వేరే కథ. నగరం నాలాల కింద చెరువుదైతే గర్భిణికి, పిల్లలకి ఊరికే ఇచ్చినా వద్దు.

వైజాగ్ వాళ్లకి కూడా ఇలాంటి తేడానే ఒకటుంది. ఫిషింగ్ హార్బర్‌లో అమ్మే చేప ఎక్కువగా బోట్లు దూరం వెళ్లి పట్టుకొచ్చింది. మేఘాద్రి గెడ్డ వచ్చి కలిసే లోపలి కాలువల్లో గాలం వేసి పట్టింది వేరు. రెండూ ఒకే గంపలో కనపడొచ్చు.

## రొయ్యలు, పీతలు, ఆల్చిప్పలు

రొయ్యల్లో పాదరసం నామమాత్రం. పెంపకం రొయ్యల్లో అసలు ప్రశ్న యాంటీబయాటిక్ అవశేషాలది. ఐరోపా దేశాలు 2016లో మన పెంపకం రొయ్యల తనిఖీని సరుకులో సగానికి సగం దాకా పెంచాయి. మన వీధి చివర బండికి అంత తనిఖీ లేదు.

పీతల్లో పసుపుపచ్చ గుజ్జు ఉంటుంది కదా, చాలామంది కొట్టుకుని మరీ తినేది, అదే దాని కాలేయం. కాడ్మియం చేరేది అక్కడే. తెల్ల కండ మాత్రం పిల్లలకి పెట్టొచ్చు. ఆల్చిప్పలు నీళ్లని వడగట్టి బతుకుతాయి కనుక ఏ క్రీకులోవో తెలియకపోతే నేను కొనను.

## అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్న మనవాళ్లకి

ఇండియన్ స్టోర్లో ఫ్రోజెన్ కింగ్‌ఫిష్ అని దొరికేది వంజరం కుటుంబమే. గడ్డకట్టిన ముక్క చూసి చేప ఎంత పెద్దదో చెప్పాలంటే మధ్య ముల్లు చుట్టూ ఉన్న చక్రం వెడల్పు చూడండి. అరచేయి దాటితే గర్భిణులు వదిలేయడం మేలు. డబ్బా ట్యూనాలో "అల్బకోర్" అని ఉంటే పాదరసం లైట్ ట్యూనా కన్నా దాదాపు మూడింతలు. వీకెండ్ సరదాగా పక్క లేక్‌లో గాలం వేసేవాళ్లు ఆ రాష్ట్రం వాళ్లు చేపల గురించి ఇచ్చే హెచ్చరికలు చూసుకోవాలి. చెరువు పేరుతో సహా, నెలకి ఎన్నిసార్లు తినొచ్చో రాసి ఉంటుంది. మనకి ఇక్కడ లేని వసతి.

## వంటింట్లో ఏది పోతుంది, ఏది పోదు

ఉప్పు, పసుపు, నిమ్మకాయ రాసి నాలుగుసార్లు కడిగితే నీచు పోతుంది. పాదరసం పోదు. వేయించినా, ఉడికించినా, రాత్రంతా పెరుగులో నానబెట్టినా పోదు, అది కండలోనే ఉంది. కొవ్వులో ఉండేవి మాత్రం కొంత తగ్గించుకోవచ్చు. తోలు, పొట్ట అంచున ఉండే కొవ్వు తీసేయించండి. కాల్చితే కరిగిన కొవ్వు కారిపోతుంది, పులుసు పెడితే అదంతా పులుసులోనే ఉంటుంది. మొప్పలు, కాలేయం, పేగులు అనుమానం ఉన్న నీళ్ల చేపవైతే అసలు ఇంటికి తేవద్దు. తలకాయ పులుసు పెట్టుకుంటే మొప్పలు పూర్తిగా పీకించండి. కత్తిపీట దగ్గర తొందరలో సగమే పీకి సంచిలో వేసేస్తారు.

కొనేటప్పుడు నేను అడిగేవి ఇప్పుడు రెండే. "మొత్తం చేప ఎన్ని కిలోలుంది?" "ఎక్కడి నుంచి దిగింది?" మొదటిదానికి జవాబు తక్కెడ చెబుతుంది. రెండోదానికి "ఆంధ్రా లారీ పొద్దున్నే దిగిందన్నా" అంటే శీలావతి తీసుకుంటాను. "లోకల్, ఫ్రెష్, ఇప్పుడే పట్టింది" అంటే ఏ చెరువని అడుగుతాను. పేరు చెప్పకుండా నవ్వితే ముందుకి పోయి కానాగంతలు కొంటాను.